క్యాబేజీ వేపుడు పొడిపొడిగా రావడం లేదు, ముద్దవుతోంది. తేడా ఎక్కడుంది?

సన్నతరుగు:

క్యాబేజీ ఒక్కటే వేసి, ఇంకే కూరగాయా కలపకుండా చేసే మామూలు వేపుడు గురించి అడుగుతున్నాను. తప్పు పట్టుకోవడం సులువవుతుందని కొలతలన్నీ ముందే రాస్తున్నాను.

తరిగిన క్యాబేజీ 600 గ్రాములు. బాణలి అడ్డం కొలత 24 సెంటీమీటర్లు, లోతుగా ఉంటుంది. నూనె రెండు టేబుల్‌స్పూన్లు. పోపులో ఆవాలు, జీలకర్ర, నాలుగు పచ్చిమిర్చి, పావు టీస్పూను పసుపు. క్యాబేజీ తరిగాక నీళ్ళలో జాడించి, చిల్లుల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచి వేస్తున్నాను. వేయగానే టీస్పూనున్నర ఉప్పు, అర గ్లాసు నీళ్ళు, ఆపైన మూత. మధ్యస్థంగా సెగ పెట్టి 20 నిమిషాలు. మూత తీసేసరికి అడుగున నీళ్ళు నిలిచి ఉంటున్నాయి. అవి ఇగరడానికి ఇంకో పది నిమిషాలు.

చివరికి మిగిలేది ఇదీ: ఆకు ముద్ద ముద్దగా, ఈనెలు మాత్రం పంటికింద గట్టిగా, రంగు బూడిదపచ్చగా, ఇల్లంతా ఒక రకమైన వాసన. ఉప్పు కూడా ఎక్కువైనట్టు ఉంటోంది. ముక్క విడివిడిగా ఉండి, అంచులు కాస్త ఎర్రబడి, కొంచెం పలుకు మిగలాలి. ఏం మార్చాలి?

ఇనుపమూకుడు:

సన్నతరుగు గారూ, కొలతలిచ్చి మంచి పని చేశారు. మీరు చెప్పిన లోపాలు చాలావరకు నీటి దగ్గరే పుడుతున్నాయి.

క్యాబేజీలో నూటికి 92 పాళ్ళు నీరే. మీ 600 గ్రాముల తరుగులో 550 గ్రాములు నీరన్నమాట. అది చాలదని అర గ్లాసు పోస్తున్నారు. జాడించిన తడి ఇంకా ఆకుల మధ్యే ఉంది. పోనీ ఆవిరై పోతుందా అంటే, మూతకు తగిలి చుక్కలుగా మళ్ళీ కిందికే కారుతోంది. అడుగున నీరు నిలిచి ఉన్నంతసేపు క్యాబేజీ వేడి 100 డిగ్రీలు దాటదు. అంచులు ఎర్రబడాలంటే 140 దాకా ఎక్కాలి. కాబట్టి మీ బాణలిలో ఆ 20 నిమిషాలూ జరుగుతున్నది ఉడకడమే. వేగడం అసలు మొదలే కాలేదు. నీరు ఇగిరి, వేగే సమయం వచ్చేసరికి ఆకు చితికిపోయి ఉంటుంది.

రెండోది బాణలి. 24 సెంటీమీటర్ల బాణలికి 300 గ్రాములు చాలు. 600 వేస్తే ఎత్తు గుట్ట అవుతుంది. అడుగుపొర కక్కిన ఆవిరి పైపొరల్లోంచే రావాలి కనుక పైదంతా ఆవిరికి మగ్గుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు మూకుడైతే అడుగు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, అందులో 500 గ్రాములు నడుస్తాయి. పెద్దది లేకపోతే రెండు వాయిలుగా వేయించండి. మొత్తం సమయం ఏమీ పెరగదు. ఒక్క వాయిలో అరగంట పట్టేది రెండు వాయిల్లో పదహారు నిమిషాల్లో అవుతుంది.

ఇలా చేసి చూడండి. 300 గ్రాముల వాయికి నూనె ఒక టేబుల్‌స్పూను. ఖాళీ మూకుడు పెద్ద సెగ మీద రెండు నిమిషాలు కాలనివ్వండి. ఇనుముకైతే ఇది సరే, నాన్‌స్టిక్ అయితే ఖాళీగా కాల్చకూడదు, నూనె వేసే పెట్టాలి. నూనె కాగాక ఆవాలు. అవి చిటపటలాడి తగ్గుతుండగా జీలకర్ర, మిర్చి, చివర్లో పసుపు. పసుపు పడ్డాక ఆలస్యం చేయకండి, మరుక్షణమే క్యాబేజీ పడాలి. లేకపోతే పసుపు మాడి చేదెక్కుతుంది.

క్యాబేజీ పడగానే చుయ్‌మనాలి. ఆ చప్పుడు రాకపోతే మూకుడు కాలలేదని అర్థం. అడుగంతా పరిచి ఒక నిమిషం ముట్టుకోవద్దు. అట్లకాడతో కింద నుంచి పైకి తిరగేసి మళ్ళీ పరిచి ఇంకో నిమిషం. అస్తమానం కలుపుతుంటే ఏ ముక్కా అడుగున నిలవదు, ఎర్రబడదు. మూడు నాలుగు నిమిషాలకు గుట్ట సగానికి కుంగుతుంది. ఈ దశలో చెవి పెట్టండి: మొదట బుసబుసమని ఆవిరి పోయే చప్పుడు, నీరు తగ్గేకొద్దీ అది సన్నని చిటపటగా మారుతుంది. ఆ మార్పు వినబడినప్పుడే ఉప్పు వేయాలి. వేశాక రెండు మూడు నిమిషాలు. మొత్తం ఏడెనిమిది నిమిషాల్లో దించేయవచ్చు. మూత లేదు, నీళ్ళు లేవు.

ఉప్పు సంగతి. టీస్పూనున్నర అంటే దాదాపు 9 గ్రాములు. పచ్చి క్యాబేజీ గుట్ట చూసి వేస్తే ఎవరికైనా చేయి జారుతుంది, ఎందుకంటే ఏడు కప్పుల తరుగు వేగాక రెండున్నర కప్పులవుతుంది. నీరు పోతుంది, ఉప్పు పోదు. 500 గ్రాముల తరుగుకు 4 గ్రాములు, అంటే టీస్పూనులో మూడింట రెండు వంతులు, సరిపోతాయి. చాలకపోతే దించాక చల్లుకోవచ్చు.

వేపుడు కుదిరిందో లేదో తూచి కూడా తెలుసుకోవచ్చు. 500 గ్రాములు వేస్తే 350కి కాస్త అటూఇటూగా తేలాలి. 430 ఉంటే ఇంకా నీరుంది. 280కి పడిపోతే ఎండిపోయింది.

పదునుకత్తి:

పైన చెప్పినదంతా సరే. ఈనెలు గట్టిగా మిగలడం మాత్రం సెగతో తీరే పని కాదు. అది తరగడంలో ఉంది.

క్యాబేజీ ఆకు అంచు కాగితమంత పలచన, అదే ఆకు మొదట్లో ఈనె చిటికెన వేలంత లావు. రెండింటినీ ఒకే మందాన తరిగితే ఆకు మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఈనెకు పది పడుతుంది. మీరు ఈనె కోసం ఆగినంతసేపూ ఆకు చితుకుతోంది. కాబట్టి గడ్డను నిలువునా నాలుగు చెక్కలు చేసి, మధ్య గట్టి కాడను ఏటవాలుగా కోసి తీసేయండి. చెక్కను బల్లపరుపు వైపు కిందకు పెట్టి, కొస నుంచి మొదలుపెట్టి అడ్డంగా తరగండి. కొసవైపు 4 మిల్లీమీటర్లు ఉన్నా ఫరవాలేదు, కాడ దగ్గరికి వచ్చేసరికి 2కి తగ్గించాలి. అంటే సన్నం ఒకటే ఉండకూడదు, లావైన చోట కత్తి దగ్గర దగ్గరగా పడాలి.

అడ్డంగా అని ఊరికే అనలేదు. కాడకు అడ్డంగా కోస్తే ఈనెలోని పీచు పొట్టి పొట్టిగా తెగుతుంది, త్వరగా మెత్తబడుతుంది. కాడ వెంబడి నిలువుగా కోస్తే పొడుగు పోగులు వస్తాయి, పీచు అలాగే ఉండి పలుకు మిగులుతుంది. వేపుడుకు అడ్డం. కరకరలాడే పోగులు కావాలనుకుంటే నిలువు.

తీసిన కాడను పారేయనక్కర్లేదు. పైన చెక్కలాంటి పొర చెక్కేస్తే లోపల తెల్లగా తియ్యగా ఉంటుంది. అగ్గిపుల్లల్లా కోసి, మిగతా తరుగు కంటే రెండు నిమిషాలు ముందు మూకుట్లో వేయండి.

మొద్దుబారిన కత్తి ఇక్కడ చాలా చెడు చేస్తుంది. అది కోయదు, నలుపుతుంది. నలిగిన అంచు నుంచి నీరు కారుతుంది, ఘాటూ ఎక్కువ పుడుతుంది. తరిగాక పలక మీద తడి మడుగు కట్టిందంటే కత్తి నూరుకోవాలి. మిక్సీలో తిప్పితే ఇదే పని పదింతలు జరుగుతుంది, దాంతో వేపుడు ఎప్పటికీ పొడిపొడిగా రాదు. ముక్కలు కోసే బిళ్ళ ఉన్న యంత్రమైతే బాగానే ఉంటుంది.

కడగడం తరగకముందే అయిపోవాలి. పైన రెండు మూడు ఆకులు తీసేసి, గడ్డను కడిగి, చెక్కలు చేయండి. పురుగు అనుమానం ఉంటే చెక్కలను లీటరు నీటికి టేబుల్‌స్పూను ఉప్పు వేసిన నీళ్ళలో పావుగంట ముంచండి, పొరల మధ్య ఉన్నవి బయటికి వస్తాయి. తర్వాత మంచి నీళ్ళతో జాడించి, కోసిన వైపు కిందకు పెట్టి అరగంట ఆరనివ్వాలి. తరిగాక కడిగితే ప్రతి ముక్కకూ రెండు వైపులా తడి అంటుకుంటుంది, చిల్లుల గిన్నెలో రెండు నిమిషాలకు అది పోదు. ఇప్పటికే కడిగేశారా, అయితే పొడిబట్టలో మూటకట్టి గట్టిగా విదిలించండి.

ఘాటువాసన:

వాసన గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తాను. రంగు పోవడం కూడా దీనితో ముడిపడిందే.

క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు ఒకే కుటుంబం. వీటి కణాల్లో గంధకం ఉన్న పదార్థాలు ఒక అరలో, వాటిని విడగొట్టే ఎంజైము వేరే అరలో ఉంటాయి. కత్తి పడగానే అరలు పగిలి రెండూ కలుస్తాయి, పచ్చి క్యాబేజీ ఘాటు పుడుతుంది. ఇది మంచి ఘాటే, వేడికి ఎంజైము చచ్చిపోయాక కొత్తగా పుట్టదు. చెడ్డ వాసన వేరు. గంధకం పదార్థాలు ఎక్కువసేపు నీటిలో ఉడికితే ఇంకా చీలిపోయి హైడ్రోజన్ సల్ఫైడు వంటివి బయటికి వస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. ఉడికే సమయం పెరిగేకొద్దీ ఇది పెరుగుతూ పోతుంది. ఏడెనిమిది నిమిషాల్లో దించిన క్యాబేజీ తియ్యగా ఉండి, అరగంట ఉడికింది ఇల్లంతా కంపు చేయడానికి కారణం ఇదొక్కటే. వెల్లుల్లి దట్టించో, మసాలా వేసో దాన్ని కప్పాలని చూడకండి. సమయం తగ్గించండి, మందు అదే.

రంగుకు వస్తే, ఆకుపచ్చదనం ఇచ్చే పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. ఉడికేటప్పుడు క్యాబేజీలోని ఆమ్లాలు బయటపడి ఆ మెగ్నీషియాన్ని తోసేస్తాయి, పచ్చ కాస్తా బూడిదపచ్చ అవుతుంది. మూత తీసి ఉంటే ఆవిరిలో కలిసిపోయే ఆమ్లాలు బయటికి పోతాయి. మూత ఉంటే చుక్కలతో పాటు తిరిగి వస్తాయి. నిమ్మరసం వేసేవాళ్ళు పొయ్యి ఆపాకే వేయడానికి ఇదొక కారణం. రెండో కారణం, పులుపు ముందే పడితే కణాల గోడలు త్వరగా మెత్తబడవు. 500 గ్రాములకు రెండు టీస్పూన్ల రసం చాలు, వేపుడుకు ప్రాణం వస్తుంది.

రంగు కోసం వంటసోడా చిటికెడు వేయమని కొందరు చెబుతారు. వేయవద్దు. పచ్చగా ఉండే మాట నిజమే, కానీ సోడా ఆకును జారుడు ముద్ద చేస్తుంది, సి విటమిన్‌నూ పోగొడుతుంది. మీ అసలు బాధ ముద్దవడమే కదా.

మూతమగ్గు:

ఇనుపమూకుడు గారి పద్ధతి వేపుడుకు సరైనదే, అందులో పేచీ లేదు. అయితే మూత పెట్టడమే తప్పు, ఉప్పు ముందు వేయడమే తప్పు అని ఎవరూ పట్టుకుపోకూడదు. మెత్తగా, వెన్నలా మగ్గిన క్యాబేజీ వేరే వంట, అదీ చాలా మంచి వంట. దానికి ఈ రెండూ కావాలి.

మందపాటి అడుగున్న గిన్నె. 500 గ్రాముల తరుగు, ఈసారి ఒక సెంటీమీటరు వెడల్పున ఉన్నా సరే. టేబుల్‌స్పూనున్నర వెన్న కరిగించి, తరుగు వేసి, ముందే 4 గ్రాముల ఉప్పు వేసి రెండు నిమిషాలు కలిపితే ఆకు వాడి నీరు వదలడం మొదలవుతుంది. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది, ఇక్కడ అదే కావాలి. బయటి నీళ్ళు చుక్క కూడా పోయకుండా మూత పెట్టి, సన్నసెగకు కొంచెం పైన అయిదు నిమిషాలు. తీసి కలిపి మళ్ళీ నాలుగు. ఆఖరున మూత తీసి సెగ పెంచి మూడు నిమిషాలు, మిగిలిన తడి వెన్నతో కలిసి ముక్కకు పట్టుకునేదాకా. దంచిన మిరియాలు పావు టీస్పూను. పదిహేను నిమిషాల లోపు పని, వాసన రాదు.

సన్నతరుగు గారి పద్ధతిలో చెడింది, మగ్గబెట్టడానికి పనికొచ్చే ఏర్పాట్లన్నీ చేసి వేపుడు రావాలని చూడడం. రెంటిలో ఏది కావాలో గిన్నె పొయ్యి మీద పెట్టకముందే తేల్చుకోవాలి.

ఇంకో మాట. కోసి చాలా రోజులు నిలవ ఉన్న గడ్డ అయితే పైఆకులు తోలులా ఉంటాయి, లోపలా తడి తక్కువ. అలాంటిది వేయిస్తే మెత్తబడకముందే మాడుతుంది. దానికి మాత్రం మొదట్లో రెండు మూడు టేబుల్‌స్పూన్ల నీళ్ళు చల్లి రెండు నిమిషాలు మూత పెట్టడం మంచిది.

ఇనుపమూకుడు:

మూతమగ్గు గారూ, ఆఖరి మాట నేను చెప్పాల్సింది, వదిలేశాను. ముదురు గడ్డకు ఆ రెండు నిమిషాల ఆవిరి అవసరమే. కాకపోతే మూత తీశాక నీరు పూర్తిగా ఇగిరేదాకా ఉప్పు ఆపాలి. వేపుడు వరకు ఉప్పు చివరే అన్న మాట మీద నేను నిలబడతాను.

సన్నతరుగు:

అందరికీ ధన్యవాదాలు. నాకు కావలసింది వేపుడే, అంచులు ఎర్రబడినది. కొన్ని అనుమానాలు.

ఒకటి, ఎర్రబడితే చేదు రాదా? ఇంతకుముందు నీరు ఇగిరాక వేయించినప్పుడు కొంచెం చేదు తగిలింది. రెండు, ఉప్పు కలిపి అరగంట ఉంచి పిండేస్తే నీరంతా ముందే పోతుంది కదా, ఆ దారి మంచిదేనా? మూడు, సగం ఊదారంగు క్యాబేజీ కలిపితే నీలంగా మారి చూడటానికి బాగుండటం లేదు, ఎందుకు?

ఇనుపమూకుడు:

చేదు గురించి. క్యాబేజీలో చక్కెర ఉంది. బాదంరంగు నుంచి తేనెరంగు దాకా ఎర్రబడితే తీపి, కమ్మదనం. కాఫీరంగు దాటితే చేదు. సన్నని ఆకు అంచులు అందరికంటే ముందు ఆ గీత దాటుతాయి, అందుకే మరీ దారాల్లా తరగకూడదు. కానీ మీకు తగిలిన చేదు చాలావరకు పోపుదై ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, పసుపు అరగంట అడుగునే ఉన్నాయి, నీరు పోయాక మొదట మాడేవి అవే. వెల్లుల్లి వేసే అలవాటుంటే పోపులో వేయకండి, ఉప్పుతో పాటు వేయండి. ఆ రెండు మూడు నిమిషాలు దానికి చాలు.

ఒక ముక్కను దగ్గరగా చూస్తే ఎప్పుడు దించాలో తెలుస్తుంది. లావు ఈనె ఉన్న ముక్క ఒకటి తీసుకోండి. మొదట సున్నంలా తెల్లగా ఉంటుంది. వేగేకొద్దీ బయటి నుంచి లోపలికి గాజులా వెలుతురు పారేలా మారుతుంది. నడిమధ్య సన్నని తెల్లగీత ఇంకా కనబడుతుండగా పొయ్యి కట్టేస్తే పలుకు మిగులుతుంది, మిగతాది మూకుడు వేడికే అవుతుంది. వెంటనే వెడల్పు పళ్ళెంలోకి మార్చండి. వేడి మూకుట్లోనే గుట్టగా వదిలేసి మూత పెడితే అయిదు నిమిషాల్లో తన ఆవిరికి తనే చెమటపట్టి మెత్తబడుతుంది. ఇంత జాగ్రత్తగా వేయించి ఆఖర్లో ఇలా పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

పిండడం నాకు నచ్చదు. నీటితో పాటు తీపీ పోతుంది, ఉప్పు ఎంత మిగిలిందో లెక్క తప్పుతుంది, ఆకు తోలులా సాగుతుంది. వేయించే క్యాబేజీకి ఆ అవసరం లేదు. పిండి ముద్దలోనో, పొరల మధ్యలోనో కూరడానికి తడి అసలు పనికిరానప్పుడు ఆ దారి పట్టాలి.

పదునుకత్తి:

పిండడం విషయంలో నాదీ అదే మాట. ఇంకోటి, ఇండక్షన్ పొయ్యి మీద చేసేవాళ్ళు గుర్తుంచుకోవలసింది. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు దాని మీద కుదరదు, మధ్యలో చిన్న వృత్తమే కాలుతుంది. బల్లపరుపు అడుగున్నది వాడాలి. ముక్కలు నడిమికి చేరకుండా ఎక్కువసార్లు తిరగేయాల్సి వస్తుంది.

ఘాటువాసన:

ఊదారంగు గురించి. ఆ రంగు ఆంథోసయనిన్లది. పులుపు తగిలితే ఎర్రగా, క్షారం తగిలితే నీలంగా మారే గుణం వాటికి ఉంది. మామూలు కుళాయి నీరు కొద్దిగా క్షారంగా ఉంటే చాలు, నీలం వచ్చేస్తుంది. అందుకే ఈ రకానికి పులుపు నియమం తలకిందులు: నిమ్మరసమో వెనిగరో మొదట్లోనే వేయాలి. 300 గ్రాములకు రెండు టీస్పూన్లు. ఇప్పటికే నీలంగా మారినా భయపడకండి, పులుపు చల్లి కలిపితే కళ్ళముందే ఎర్రబడుతుంది.

పులుపు ముందు వేస్తే మెత్తబడటం ఆలస్యమవుతుందని పైన చెప్పాను. ఊదా రకం ఆకు అసలే మందం. కాబట్టి రెండూ కలిపి ఒకేసారి వేయించకండి. ఊదాది 2 మిల్లీమీటర్ల సన్నంగా తరిగి, విడిగా పులుపుతో పన్నెండు పదిహేను నిమిషాలు వేయించి, ఆఖర్లో పచ్చదానితో కలపండి. ముందే కలిపితే రంగు దిగి అంతా మురికిగా కనబడుతుంది. ఇనుప మూకుడు ఈ రకానికి వద్దు. ఇనుము తగిలితే పులుపుకీ రంగుకీ పడక నల్లబడుతుంది. స్టీలు మంచిది.

మూతమగ్గు:

రకాల మాట వచ్చింది కనుక: పొడుగ్గా, ఆకు వదులుగా ఉండే చైనా క్యాబేజీకి ఈ సమయాలు వర్తించవు. దాని ఆకు ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. తెల్లకాడలు విడిగా కోసి మూడు నిమిషాలు ముందు వేయాలి, ఆకు ఆఖరున. ముడతల ఆకు ఉండే సవాయ్ రకం మామూలుదాని కంటే రెండు నిమిషాలు తక్కువ తీసుకుంటుంది, వాసనా తక్కువే.

తరిగే ఓపిక లేని రోజు గడ్డను చెక్కలుగా కాల్చడం మంచి పని. కాడ తీయకూడదు, ఆకులన్నిటినీ పట్టి ఉంచేది అదే. నాలుగు సెంటీమీటర్ల మందం చెక్కలు చేసి, రెండు వైపులా నూనె రాసి, ఉప్పు చల్లి, 220 డిగ్రీల ఓవెన్‌లో అరగంట. సగంలో ఒకసారి తిప్పాలి. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద ఒక్కో వైపు అయిదు నిమిషాలు ఎర్రబడనిచ్చి, మూడు టేబుల్‌స్పూన్ల నీళ్ళు చల్లి, మూతపెట్టి ఆరేడు నిమిషాలు. కత్తిమొన గుచ్చితే కాడలోకి సులువుగా దిగాలి.

సన్నతరుగు:

ఇవాళ 560 గ్రాములు రెండు వాయిలుగా వేయించాను. తరగకముందే కడిగి ఆరబెట్టి, మూత లేకుండా, ఉప్పు చివర్లో టీస్పూనులో మూడింట రెండు వంతులు. మొదటి వాయి 8 నిమిషాలు, తూస్తే 280కి 195 గ్రాములు వచ్చింది. పొడిగా, పచ్చగా ఉంది, అంచులు తేనెరంగు. వాసన లేదు. రెండో వాయి మాత్రం అయిదో నిమిషానికే కొసలు నల్లబడటం మొదలైంది, అడుగున పోపు గింజలు మాడాయి. అదే సెగ, అదే కొలత. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడి చేస్తే మళ్ళీ తడవదా?

ఇనుపమూకుడు:

195 అంటే అచ్చంగా కుదిరినట్టే. రెండో వాయికి మూకుడు అప్పటికే బాగా కాలి ఉంది, పైగా మొదటి వాయి పోపు గింజలు, చక్కెర జిగురు అడుగున అంటుకుని ఉంటాయి. అవే ముందు మాడాయి. వాయికీ వాయికీ మధ్య సెగ ఆపి, నాలుగు చెంచాల నీళ్ళు పోసి అట్లకాడతో గీకి పారబోసి, తుడిచేయండి. వేడి మూకుట్లో నీళ్ళు పోసేటప్పుడు చేయి వెనక్కి పెట్టండి, ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది. తర్వాత నూనె, పోపు కొత్తగా వేసి, సెగ కాస్త తగ్గించి మొదలుపెట్టండి.

నిలవకు: పళ్ళెంలో పరిచి వేడి పోగానే, రెండు గంటల లోపు మూతడబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడిగా ఉండగా మూత బిగిస్తే లోపల చెమటపట్టి, మీరన్నట్టు తడుస్తుంది. మూడు రోజుల్లో తినేయాలి. వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు, అందులో మెత్తబడి వాసన లేస్తుంది. వెడల్పు పెనం బాగా కాల్చి, నూనె లేకుండానే పలచగా పరిచి, కదపకుండా ఒక నిమిషం, తిరగేసి ఇంకో నిమిషం. నిమ్మరసం పిండాలనుకుంటే ఆ పూట తినేదాని మీదే పిండండి, డబ్బాలో పెట్టేదాని మీద కాదు. రాత్రంతా పులుపులో నానితే పచ్చరంగు తెల్లారేసరికి పోతుంది.